తలనొప్పి దాచుకునే పిల్లలు
పదమూడేళ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన సంగతి మనందరికీ గుర్తే. అంతకుముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో సాగిన శిక్షణ మాత్రం ఎవరికీ పట్టదు. అందుకే కాలేజీ పిల్లల్ని వారం సెలవుల్లో హిమాలయాలు ఎక్కించి దించేయాలని చూస్తాం. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. ఐదు వేల మీటర్ల దారికి వారం ఎలా సరిపోతుంది? పైగా ఎత్తు పడక వచ్చే తలనొప్పిని పిల్లలు దాచేస్తారు. స్నేహితుల ముందు చులకనవుతామని భయం, కట్టిన డబ్బు పోతుందని బెంగ. బృందాన్ని నడిపే మాస్టారు సాయంత్రం ప్రతి టెంట్‌కీ వెళ్లి ఎవరి పళ్లెంలో అన్నం మిగిలిపోయిందో చూడాలి. అనుమానం వస్తే ఒక కాలి వేళ్లకు మరో కాలి మడమ ఆనించి, గీత గీసినట్టు తిన్నగా నడవమనాలి. అడుగు తడబడిందంటే మెదడు వాస్తోందేమోనని శంకించి, చీకటైనా సరే కిందికి దింపాలి. తెల్లారేదాకా చూద్దామనడం ప్రాణాలతో చెలగాటమే. ఆ నిర్ణయాన్ని ప్రిన్సిపాల్ గానీ తల్లిదండ్రులు గానీ తర్వాత తప్పుపట్టకూడదు. అమ్మానాన్నలారా, డబ్బు కట్టేముందు ఇది అడగండి: మా వాడికి బాగాలేకపోతే తోడుగా కిందికి ఎవరొస్తారు, మిగతా పిల్లల దగ్గర ఎవరుంటారు?