గడియారం చేతిలో, నమ్మకం కాగితంలో

తార్నాకలో మా వీధి చివర ఉండిన ఒక విశ్రాంత ఆచార్యులవారు రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఉస్మానియాలో ముప్పయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పినవారు. సాయంత్రాలు ఆర్ట్స్ కళాశాల ముందు నడకకు వచ్చినప్పుడు ఆయన మణికట్టున ఒక పాత ఒమేగా గడియారం కనబడేది. 1960లలో పైచదువుకు విదేశం వెళ్లినప్పుడు, ఉపకారవేతనంలో మిగిల్చి కొనుక్కున్నారట. రోజూ ఉదయం దానికి కీ ఇచ్చాకనే కాఫీ. ఆయన పోయాక ఇంటి పైకప్పు మరమ్మతుకు డబ్బు అవసరమై, అమ్మగారు ఆ గడియారం అమ్మదలచి నన్ను తోడు రమ్మన్నారు.

మూడు చోట్ల చూపించాము. మూడింటా మొదటి ప్రశ్న ఒక్కటే. "బాక్సు, పేపర్లు ఉన్నాయా మేడమ్?" లేవనగానే ధర సగానికి దిగింది. వెనుక మూత విప్పి లోపలి యంత్రాన్ని చూసినవారు ఒక్కరూ లేరు. బయటికి వచ్చాక అమ్మగారు, "యాభయ్యేళ్లు ఆయన చేతికి ఉండడం సాక్ష్యం కాదన్నమాట బాబూ" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

అదే రోజుల్లో క్యాంపస్‌లో పాఠాలు చెప్పే నా మిత్రుడొకడు, అన్ని పత్రాలూ ఉన్నాయన్న ధీమాతో ఒక ఖరీదైన స్విస్ గడియారాన్ని మారుబేరంలో కొన్నాడు. కార్డు మీది అంకె, గడియారం మీది అంకె చక్కగా కలిశాయి. హామీ గడువు ఇంకా రెండేళ్లున్నది. నాలుగు నెలలకు గడియారం వెనుకబడసాగింది. సర్వీసు కేంద్రంవారు విప్పి చూసి, లోపల కొన్ని భాగాలు బయటివి వేశారు కనుక హామీ చెల్లదన్నారు. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు.

ఒకచోట కాగితం లేని నిజం, మరొకచోట కాగితమున్న బూటకం. ఈ రెంటినీ పక్కపక్కన చూశాక నాకు కలిగిన అభిప్రాయమే ఈ టపా.

హామీపత్రం నిజానికి ఏమి చెబుతుంది? ఫలానా అంకె గల గడియారాన్ని ఫలానా అధీకృత విక్రేత ఫలానా తేదీన అమ్మాడని చెబుతుంది. ఆ తేదీ నుంచి ఇన్నేళ్లు తయారీ లోపాలకు బాధ్యత వహిస్తామంటుంది. అంతే. ఆ తరువాత గడియారం ఎన్ని చేతులు మారిందో, ఎవరు విప్పారో, ఏమి మార్చారో ఆ కార్డుకు తెలియదు. అది జన్మపత్రికే తప్ప ఆరోగ్యపత్రం కాదు. హామీ గడువు కూడా కొన్న రోజున మొదలవుతుంది గాని మన చేతికి వచ్చిన రోజున కాదు. రోలెక్స్ 2015 జూలై నుంచి, ఒమేగా 2018 నవంబరు నుంచి ఐదేళ్ల హామీ ఇస్తున్నాయి. నాలుగేళ్ల నాటి గడియారం కొన్నవానికి మిగిలేది ఒక్క సంవత్సరం. దానికోసం వేలకు వేలు అదనంగా ఇస్తున్నామని ఎందరు గమనిస్తున్నారు?

ఈ సంగతి తయారీదారులకూ తెలుసు. 2022 డిసెంబరులో రోలెక్స్ పాత గడియారాలను తానే ధ్రువీకరించే ఏర్పాటు మొదలుపెట్టినప్పుడు, పాత కార్డును చూసి సరిపెట్టుకోలేదు. గడియారాన్ని పరీక్షించి, రెండేళ్ల కొత్త హామీ ఇచ్చే పద్ధతి పెట్టింది.

కంపెనీ మాటనైనా కళ్లు మూసుకుని నమ్మవచ్చునా అంటే, అదీ కష్టమే. 2021 నవంబరులో జెనీవాలో ఒక పాత ఒమేగా స్పీడ్‌మాస్టర్ ముప్పయి లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. 2023లో తేలిందేమిటంటే, అది వేర్వేరు గడియారాల భాగాలతో కూర్చినది. అందులో తన మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉన్నదని ఒమేగాయే ప్రకటించింది. అంతటి వేలంలోనే ఇట్లా జరిగితే తార్నాక చౌరస్తాలో మనమెంత!

విశ్వవిద్యాలయం పక్కన బతికేవాళ్లకు ఇది కొత్త పాఠమేమీ కాదు. పట్టా చేతిలో పెట్టగానే ఉద్యోగం ఇవ్వరు. దానిని పరీక్షల విభాగానికి పంపి నిజమో కాదో కనుక్కుంటారు. ఆపైన మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. పట్టా నిజమైనదైనా మనిషికి విషయం వచ్చునో రాదో వేరే చూడాలి కదా. లక్షలు పోసే గడియారం విషయంలో మాత్రం పట్టా చూసి ఊరుకుంటాము.

కాగితాలు అక్కరలేదని నా వాదన కాదు. దొంగసొత్తు కాదని తెలియడానికి పాత రసీదు కావాలి. అయితే అంతకంటె ముఖ్యమైనది మనకు అమ్మినవాడు మన పేర ఇచ్చే కొత్త బిల్లు. వ్యాపారి దగ్గర బిల్లుతో కొంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు అండ. ఎవరో అపరిచితుని దగ్గర నగదిచ్చి కొంటే ఆ దారి మూసుకున్నట్టే. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు మించిన చేతిగడియారం అమ్మకంపై విక్రేత ఒక శాతం పన్ను వసూలు చేయాలన్న నియమం కూడా వచ్చింది. బిల్లు వద్దు, ధర తగ్గిస్తాననేవాడు ఎందుకు తగ్గిస్తున్నాడో ఆలోచించాలి. బిల్లు తరువాత చూడవలసినవి సర్వీసు రసీదులు. అన్నింటికంటె ముందు, డబ్బు చేతులు మారకముందే, తెలిసిన పనివానిచేత మూత విప్పించడం. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారుకు నమస్కారం పెట్టి రావడమే మేలు.

అమ్మగారి గడియారం సంగతి చెప్పి ముగిస్తాను. సికింద్రాబాదులో ఒక వృద్ధ గడియారాల మరమ్మతుదారు దానిని విప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "అంతా అసలుదేనమ్మా, సార్ జాగ్రత్తగా వాడారు" అని, లోపలి అంకెలు ఒక చీటీ మీద రాసి సంతకం చేశాడు. మాష్టారి పాత డైరీలలో వెదికితే శుభ్రం చేయించిన తేదీలు నాలుగైదు దొరికాయి. అవి చూపించాక వచ్చిన ధర అనుకున్నంత కాదు గాని, మనసు నొచ్చుకునేంత తక్కువా కాదు. పైకప్పు పని వానలకు ముందే పూర్తయింది.

మీ ఇంట్లోనూ తాతగారిదో నాన్నగారిదో ఒక గడియారం ఉండే ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ కొన్నారో, ఎవరిచేత బాగుచేయించారో చెప్పగలిగినవారు ఉండగానే అడిగి, ఒక కాగితం మీద రాసి దానితో పాటే దాచండి. ఏ కంపెనీ ఇవ్వలేని పత్రం అది.