ఏడుగురుంటే చాలు
మన సరిహద్దుకు ఆవల, కాస్త దూరంలో అనంతపురం జిల్లా. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన బండ్లపల్లి అక్కడిదే. ఆ ఊరి కూలీల బిడ్డ బారెడ్డి అనూష 2023 జులైలో భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. ఆర్డీటీ శిక్షణ ఆమెకు అండగా నిలిచింది.

హొసూరు నుంచి బాగేపల్లి, చింతామణి దాకా అలాంటి ఇళ్లెన్నో. పది తప్పితే బెంగళూరు బస్సెక్కడమే పిల్లలకు తెలిసిన దారి. జట్టులో ఉన్నవాడి సంగతి వేరు. సాయంత్రం వాడు రాకుంటే ఆరుగురే మిగులుతారు. ఎందుకు రాలేదని ఇంటికొచ్చి అడుగుతారు. బడి మానకుండా ఆపేది చాలాసార్లు ఆ పిలుపే.

అందరూ అనూషలు కానక్కర్లేదు. కబడ్డీకి కావలసింది ఏడుగురు, గీత గీసేందుకింత నేల. ఆ నేల కబ్జా కాకుండా పంచాయతీలు చూడాలి. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఓ పీటీ మేష్ట్రును సర్కారు ఇవ్వాలి.