పిలుపు ఎవరికి?

ఏ.ఎస్. రావు నగర్ అను పేరు ఒక మనిషి చేసిన పని నుండి పుట్టినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదివి, స్వదేశమునకు తిరిగివచ్చి, 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు ప్రాణము పోసిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావుగారి పేరు అది. ఆయన తన పనిని గుర్తెరిగినందున ఎన్నో కుటుంబములకు జీవనాధారము దొరికినది. అయితే ఈ వీధులలోనే నేడు మన విద్యార్థిని "నీ పని ఏది?" అని అడుగువారు అరుదు. "ర్యాంకు ఎంత? సీటు ఎక్కడ?" అని అడుగువారే ఎక్కువ.

క్రైస్తవుల ఇండ్లలో "దేవుని పిలుపు" అను మాట తరచుగా వినవచ్చును. పాస్టరు కాదలచినవానికే పిలుపు ఉన్నదనియు, తక్కినవారికి ఉన్నది ఉద్యోగము మాత్రమే అనియు చాలమంది తలంపు. ఈ తలంపు సరికాదని మా అభిప్రాయము. ముస్లిములమైన మేము ఈ విషయము నెత్తుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. పొరుగువాని విశ్వాసములో మంచి ప్రశ్న ఒకటి ఉన్నప్పుడు దానిని మనము కూడ వేసికొనుటలో తప్పులేదు కదా! ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. సికింద్రాబాదులో రైలెక్కి, కాజీపేట మీదుగా దోర్నకల్ జంక్షను వరకు పోయిన చాలును.

దోర్నకల్ పేరుతో విడదీయరానిది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పేరు. ఆయన తెలుగువాడు కాదు. 1874లో తిరునల్వేలి ప్రాంతమున ఒక గ్రామ పాస్టరుకు జన్మించిన తమిళుడు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివినారు గాని పట్టము పుచ్చుకొనలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఊరూరు తిరిగి యువకులకు బోధించుట ఆయన ఉద్యోగము. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుషులతో నడుపుకొను మిషనరీ సంఘమును స్థాపించినప్పుడు ఆయన ముందు నిలిచినారు. ఆ సంఘము పనిచేయుటకు ఎన్నుకొన్న చోటు నాటి నిజాం రాజ్యములోని దోర్నకల్. "వెళ్ళుడు" అని ఇతరులకు చెప్పువాడు తాను వెళ్ళక ఊరకుండుట న్యాయమా? ఈ ప్రశ్నకు ఆయన తన జీవితముతోనే జవాబు చెప్పినారు. 1909లో గురుపట్టము పొంది దోర్నకల్ చేరినారు. మాతృభాష కాని తెలుగును నేర్చి, ఆ భాషవారి మధ్యనే తుదివరకు నిలిచినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూసినారు.

ఈ జీవితములో మాకు కనిపించు పాఠములు మూడు. పిలుపు ఆకాశవాణివలె చెవిలో పడనక్కరలేదు. కంటికెదురుగా ఉన్న అవసరమే పిలుపు కావచ్చును. రెండవది, పిలుపును ఒంటరిగా నిర్ణయించుకొనరాదు. మన ఆశకు పిలుపు అని పేరు పెట్టుకొనుట మిక్కిలి సులభము. అజరయ్యగారిని పంపినది ఒక సంఘము. బిషప్పు పదవికి తగినవాడని గుర్తించి పట్టుపట్టినవారు మదరాసు బిషప్ వైట్‌హెడ్. భారతీయునికి ఆ పదవి ఏలయని అడ్డుచెప్పినవారును లేకపోలేదు. మూడవది, నిజమైన పిలుపు వెల అడుగును. ఆయన విషయములో ఆ వెల సొంత ఊరు, సొంత భాష.

అయితే ఆయన చేసిన వానిలో మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది మరియొకటి. బాప్తిస్మము పొందిన ప్రతి వ్యక్తియు తన చేతిని తన తలమీద ఉంచుకొని, సువార్త చెప్పు బాధ్యత తనదే అని ప్రమాణము చేయు పద్ధతిని ఆయన ఏర్పరచినారు. వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములకు చెందిన కూలీలు. మతము మార్చుట విషయమై గాంధీజీకిని ఆయనకును తీవ్రమైన అభిప్రాయభేదము ఉండెడిది. ఆ వాదమును ఇక్కడ తీర్చబూనుట లేదు. కాని ఒక్క మాట గమనింపుడు. ఏ పని చేయవలెనో పుట్టుకతోనే నిర్ణయింపబడినవారు వారు. అట్టి మనిషితో "నీకును ఒక పిలుపు ఉన్నది" అని చెప్పుట సామాన్యమైన మాట కాదు. పిలుపు గురువుల సొత్తు కాదనియు, అందరి హక్కనియు ఆ చేయి చాటినది.

"తిండికి లేనివానికి పిలుపు ఎందుకు? ముందు ఉద్యోగము రానిండు" అని తల్లిదండ్రులు అందురు. వారి భయము నిజమైనదే. దానిని తేలికచేయుట మాకు ఇష్టము లేదు. కాని పిలుపు అనగా ఉద్యోగము మానుట కాదు. చెప్పులు కుట్టువాని పనియు దేవుని పిలుపేనని 16వ శతాబ్దములో మార్టిన్ లూథర్ బోధించినారు. దోర్నకల్ కూలీలు ప్రమాణము చేసిన మరునాడు పొలము పనికే పోయియుందురు. మారినది పని కాదు; ఆ పని చేయుచున్న మనిషికి తన్ను గూర్చిన ఎరుక.

నాడు పుట్టుక చేసిన పనిని నేడు ర్యాంకు చేయుచున్నది. ఇంజనీరింగు సీటు రాలేదని తన్ను తాను పనికిరానివానిగా ఎంచుకొను కుర్రవానికి, చదువు నడుమ పెళ్ళి మాట వచ్చి ఆగిపోవు అమ్మాయికి, పిలుపు అను మాట అత్యవసరము. కావున విద్యార్థులారా, చదువు ముగియకముందే మూడు ప్రశ్నలు వేసికొనుడు. నా కంటికి కనబడుచున్న కొరత ఏది? నన్నెరిగినవారు నాలో చూచుచున్న సామర్థ్యమేది? దానికొరకు నేను విడువగలిగినదేది? సెలవులలో ఆ పనిని కొంత చేసి చూడుడు. మీరు సేవింపదలచినవారి భాష నేర్చుకొనుడు. ఉర్దూ రాని నర్సుకు పాతబస్తీ రోగి బాధ సగమే తెలియును. తెలుగు రాని ఉపాధ్యాయునికి పల్లె పిల్లవాని మనస్సు సగమే అందును.

దోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కథీడ్రల్‌లో దేవాలయపు స్తంభములును, మసీదు గుమ్మటములును కలిసి నిలిచియున్నవి. పొరుగువారి చేతిపనిని గౌరవించి కట్టిన కట్టడమది. విద్యార్థులు వీలైన ఒకసారి వెళ్ళి చూచి రావలెనని మా కోరిక.