“నాది!” అని అరవడానికి సిగ్గెందుకు?

నేను శనివారాలు పిల్లల బేస్‌బాల్ మ్యాచులకి అంపైరింగ్ చేస్తానంటే ఇక్కడ అమెరికాలో మా ఆఫీసు తెలుగువాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత “డబ్బులిస్తారా?” అని అడుగుతారు. ఇస్తారు బాబూ, గ్యాసుకీ కాఫీకీ సరిపోను. మావాడు ఆడే రోజుల్లో ఓసారి అంపైరు రాలేదు. బెంచీల మీద ఖాళీగా కూచున్న తండ్రిని నేనొక్కణ్ణే దొరికాను. మావాడు రెండేళ్ళకే బేస్‌బాల్ వదిలేసి గిటారు పట్టుకున్నాడు. నేను మాత్రం ఇరుక్కుపోయాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఏ మేనేజరూ ఏ ట్రైనింగూ నాకు ఎక్కించలేని ఒక సంగతి ఒక్క శనివారం ఎక్కింది. అదీ పదమూడేళ్ళ పిల్లాడి ముందు తలదించుకోవాల్సి వచ్చాక.

ముందు ఆట సంగతి కాస్త. క్రికెట్లో అంపైర్లు ఇద్దరు, ఎండ్‌లూ రెండే. ఒకాయన బౌలర్ ఎండ్‌లో, ఇంకొకాయన స్క్వేర్ లెగ్‌లో. ఏ ఎండ్‌లో రనౌటయితే ఆ ఎండ్ ఆయన చూసుకుంటాడు. లెక్క కుదిరింది. బేస్‌బాల్లో నాలుగు బేసులు. పెద్ద లీగుల్లో 1952 నుంచి మామూలు మ్యాచులకి కూడా నలుగురు అంపైర్లుంటున్నారు, కాబట్టి వాళ్ళకీ దాదాపు లెక్క కుదిరినట్టే. మా పార్కుల్లో నలుగురికి డబ్బులెవరిస్తారు? ఇద్దరమే. నాలుగు బేసులు, రెండు ఫౌల్ లైన్లు, గాల్లో ఒక బంతి, పరిగెత్తే ముగ్గురో నలుగురో పిల్లలు, చూడ్డానికి రెండు జతల కళ్ళు.

అసలు ఇద్దరెందుకు, ఒక్కడు చాలడా అంటారా? పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద లీగుల్లో చాలా మ్యాచులకి ఒక్కడే ఉండేవాడు. ఆయన బంతి వైపు చూస్తుంటే వెనకాల రన్నర్లు సెకండ్ బేస్ తొక్కకుండానే అడ్డదారిన థర్డ్‌కి పోయేవారట. బాల్టిమోర్‌లో ఆడిన జాన్ మెగ్రా అయితే పరిగెత్తబోయే రన్నర్ బెల్టు వెనకనుంచి పట్టుకుని ఆపేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే మోసమెప్పుడూ ఎవరూ చూడని చోటే జరుగుతుంది. ఇద్దర్ని పెట్టి ఇద్దరూ బంతినే చూస్తూ నిలబడితే మళ్ళీ ఒక్కడున్నట్టే లెక్క.

అందుకని ఇద్దరం పని పంచుకుంటాం. ఒకడు క్యాచర్ వెనకాల, ప్లేట్ అంపైర్. రెండోవాడు బేస్ అంపైర్. 90 అడుగుల బేసులున్న పెద్ద మైదానంలో బేస్ అంపైర్‌కి మూడు చోట్లుంటాయి. రన్నర్లెవరూ లేకపోతే ఫస్ట్ బేస్‌మన్ వెనక, ఫౌల్ లైన్ బయట నిలబడతాడు. దాన్ని ‘ఏ’ అంటారు. ఫస్ట్‌లో ఒక్క రన్నరే ఉంటే లోపలికొచ్చి పిచ్చర్‌కీ సెకండ్ బేస్‌కీ మధ్య, ఫస్ట్ వైపు జరిగి నిలబడతాడు. అది ‘బీ’. సెకండ్‌లో రన్నర్ ఉంటే అదే లోపలి చోటులో థర్డ్ వైపుకి జరుగుతాడు. అది ‘సీ’. పరిగెత్తలేక కాదు, కోణం కోసం. దగ్గరికి పోవడం కన్నా సరైన కోణంలో నిలబడ్డం ముఖ్యమని మొదటిరోజే చెప్తారు. పది అడుగుల దూరంలో ఉండి ఫీల్డర్ వీపు చూసే బదులు ముప్ఫై అడుగుల నుంచి గ్లవ్‌కీ కాలికీ మధ్య సందు చూడ్డం మేలు.

గాల్లో బంతికీ పంపకముంది. బేస్ అంపైర్ లోపలుంటే, లెఫ్ట్ ఫీల్డర్ నుంచి రైట్ ఫీల్డర్ దాకా మధ్యలోదంతా అతనిది. ఆ ఇద్దరు ఫీల్డర్లలో ఎవరైనా లైన్ వైపు పరిగెడితే అది ప్లేట్ అంపైర్‌ది. బేస్ అంపైర్ ‘ఏ’లో ఉండి, కుడివైపు కష్టమైన క్యాచ్ చూడ్డానికి బయటికి పరిగెత్తాడనుకోండి, బ్యాటర్ ఎన్ని బేసులు తిరిగితే అన్నీ ప్లేట్ అంపైర్ మీదే. ఫస్ట్‌లో రన్నరుండగా హిట్ పడితే, అతను థర్డ్ దాకా వస్తాడేమోనని ప్లేట్ అంపైర్ ఇల్లొదిలి థర్డ్ వైపు పోవాలి. ఇవన్నీ పుస్తకాల్లో బొమ్మలేసి మరీ ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే రెస్పాన్సిబిలిటీ మ్యాట్రిక్స్ పక్కాగా ఉంది.

కానీ ఆ పుస్తకాలు అక్కడితో ఆగవు. ప్రతి కదలికకీ ఒక అరుపు రాసిపెట్టాయి. బయటికి పరిగెత్తేవాడు “గోయింగ్ అవుట్!” అని అరవాలి. థర్డ్‌కి పోయేవాడు “ఐ హావ్ గాట్ థర్డ్!” అనాలి. రన్నర్ సెకండ్‌లోనే ఆగిపోతే “గోయింగ్ హోమ్!” అంటూ వెనక్కి రావాలి. విన్నవాడు విన్నట్టు చెప్పాలి. అరవకూడనివి చేత్తో చెప్తారు. ఇద్దరు ఔటయి రన్నరుంటే, థర్డ్ ఔట్‌కి ముందు పరుగొచ్చిందా లేదా చూసుకోమని మణికట్టు మీద రెండు వేళ్ళు తడతారు. ఇవన్నీ మ్యాచ్‌కి ముందు ఇద్దరూ పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి. దాన్ని ప్రీగేమ్ అంటారు.

కొత్తలో నాకిదంతా అతిగా అనిపించేది. పుస్తకంలో ఉన్నదే కదా, ఇద్దరికీ తెలిసిందే కదా, పిల్లల ముందు ఈ కేకలేంటి అని.

సరే, ఇక ఆ శనివారం.

మాకు పొద్దున్నే రిలీజ్ ఉంది. హైదరాబాద్ వాళ్ళతో కాల్ ఎంతకీ తెగలేదు. నేను పార్కుకి చేరేసరికి మ్యాచ్‌కి ఐదు నిమిషాలుంది. నా పార్ట్‌నర్ రిటైరైన పెద్దాయన, ఇరవై ఏళ్ళ నుంచీ ఇదే పని. అప్పటికే మాస్క్ చేతిలో పట్టుకున్నాడు. “ఎప్పటిలాగేనా?” అన్నాడు. “ఎప్పటిలాగే” అన్నాను. అయిపోయింది మా ప్రీగేమ్.

ఐదో ఇన్నింగ్స్. ఒక్కడు ఔట్, ఫస్ట్‌లోనూ సెకండ్‌లోనూ రన్నర్లు. నేను ‘సీ’లో ఉన్నా. బంతి తక్కువ ఎత్తులో రైట్ ఫీల్డర్ మీదకి వెళ్ళింది, వెళ్తూ వెళ్తూ లైన్ వైపు వంగింది. కుర్రాడు అటే పరిగెత్తాడు. పుస్తకం ప్రకారం అది పెద్దాయన బంతి. కానీ మొదట సూటిగా వెళ్ళింది కదా, నేను అటు తిరిగి రెండడుగులేశాను. ఆయన లైన్ మీద ముందుకొస్తూ నన్ను చూసి, ఇతను తీసుకున్నాడనుకుని ఒక్క క్షణం ఆగాడు. ఆయన ఆగడం చూసి నేనూ ఆగాను. ఇద్దరం నోరు తెరవలేదు.

కుర్రాడు డైవ్ చేసి, గ్లవ్‌లో బంతితో లేచి నా వైపు చూశాడు. రన్నర్లు నా వైపు చూశారు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో తెలీదు, నాకు మాత్రం చాలాసేపనిపించింది. భయమేసి పిడికిలెత్తాను. ఔట్. సరిగ్గా అప్పుడే అక్కడ పెద్దాయన రెండు చేతులూ బార్లా చాపాడు. క్యాచ్ కాదు.

ఒకే బంతికి రెండు తీర్పులు. అంపైరింగ్‌లో ఇంతకన్నా పరువు తక్కువ ఇంకోటి లేదు. నా పిడికిలి చూసి సెకండ్ రన్నర్ వెనక్కి పరిగెత్తాడు. కుర్రాడు బంతి థర్డ్‌కి విసిరాడు. క్యాచ్ కాకపోతే అది ఫోర్స్ ఔట్. రెండువైపులా కోచ్‌లు మైదానంలోకొచ్చేశారు.

దీనికీ రూలుంది. అధికారిక నిబంధనల్లో 8.03(సి). అంపైర్లు వేరువేరుగా తీర్పిస్తే కోచ్‌లూ ఆటగాళ్ళూ లేకుండా విడిగా మాట్లాడుకోవాలి. ఎవరు మంచి చోట ఉన్నారు, ఏది నిజమయ్యే అవకాశం ఎక్కువ అన్నది చూసి చీఫ్ అంపైర్ తేల్చాలి. ఎవరు సీనియర్ అని కాదు, ఎవరి గొంతు పెద్దది అని కాదు. పక్కకెళ్ళాం. పెద్దాయన ఒక్కటే అడిగాడు. “నువ్వు చూశావా?”

అక్కడ నేను అబద్ధమాడొచ్చు. 150 అడుగుల దూరం, కుర్రాడి వీపు అడ్డం. నేను చూసింది లేచాక గ్లవ్‌లో ఉన్న బంతిని మాత్రమే. “చూడలేదు” అన్నాను. “నేను చూశాను, గడ్డికి తగిలింది” అన్నాడు. నా పిడికిలి వల్ల మోసపోయిన రన్నర్ని థర్డ్‌లో పెట్టాం. తీర్పు మార్చినప్పుడు దాని వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దే అధికారం రూల్లోనే ఉంది. బేసులన్నీ నిండాయి. ఆ ఇన్నింగ్స్‌లో రెండు పరుగులొచ్చాయి. ఆ కుర్రాడి టీము ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. తీర్పు చివరికి సరైనదే, ఒప్పుకుంటా. కానీ వాడి దృష్టిలో నేను ముందు ఔటిచ్చి, తర్వాత లాక్కున్నవాణ్ణి. వాడికి నేనేం చెప్పను?

కారు దగ్గర పెద్దాయన బూట్లు విప్పుకుంటూ అన్నమాట: “నీది కాదనుకుంటే ‘నీది!’ అని అరువు. నీదనుకుంటే ‘నాది!’ అని అరువు. నువ్వు తప్పు అరిచినా నేను సర్దుకోగలను. ఊరుకుంటే సర్దుకోలేను.”

అప్పుడు వెలిగింది నాకు. పంపకంలో తప్పు లేదు. ఇద్దరికీ పుస్తకం వచ్చు. పుస్తకం బంతి ఎవరిదో చెప్తుంది, అంతే. అవతలివాడు దాన్ని తీసుకున్నాడని నాకు తెలియాలంటే వాడి నోటి నుంచి రావాలి. అది తెలిస్తేనే నేను బంతికి వీపు తిప్పి రన్నర్ల కాళ్ళు చూడగలను. నిజానికి రెండో అంపైర్ విలువంతా ఆ వీపు తిప్పడంలోనే ఉంది.

ఇంకో రూల్ కూడా చెప్పాలి, 8.02(సి). తీర్పిచ్చిన అంపైర్ తనంతట తాను అడిగితే తప్ప ఇంకో అంపైర్ అందులో వేలు పెట్టకూడదు. మొదట్లో ఇది అహంకారమనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు. అడిగే బాధ్యత తీర్పిచ్చినవాడి మీద పెట్టింది, అంతే. 2004 అక్టోబరు 19న యాంకీ స్టేడియంలో రెడ్ సాక్స్, యాంకీస్ ఆట గుర్తుందా? ఫస్ట్ బేస్ దగ్గర అలెక్స్ రోడ్రిగెజ్ పిచ్చర్ చేతిలో బంతిని చేత్తో కొట్టి పడేస్తే మొదట సేఫన్నారు. అంపైర్లందరూ కలిసి మాట్లాడుకున్నాక ఔటని మార్చి, పరుగు తీసిన జీటర్‌ని మళ్ళీ ఫస్ట్‌కి పంపారు. అదే ఆటలో బెల్‌హార్న్ కొట్టింది కూడా అలా మాట్లాడుకునే హోమ్ రన్‌గా దిద్దారు. దాన్ని మొదట కాదన్న లెఫ్ట్ ఫీల్డ్ అంపైర్ జిమ్ జాయిస్. అదే జాయిస్ 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో, గలరాగాకి పర్‌ఫెక్ట్ గేమ్ కావాల్సిన ఆఖరి ఔట్‌ని సేఫన్నాడు. ఆయనకి అనుమానం రాలేదు, అడగలేదు. తర్వాత వీడియో చూసుకుని బాధపడి క్షమాపణ చెప్పాడు. పెద్ద లీగుల్లో 2014 నుంచి అలాంటి వాటికి రీప్లే ఉంది. మా పార్కులో పార్ట్‌నరే రీప్లే.

ఇక మన సంగతి. రాత్రి అలర్ట్ వస్తుంది. ఛానెల్లో నలుగురు “లుకింగ్” అని పెడతారు. నలుగురూ అదే గ్రాఫ్ చూస్తుంటారు. పక్కన క్యూ నిండిపోతుంటే చూసేవాడుండడు. లేదా ఇటువాళ్ళు అటువాళ్ళు చూస్తారనీ, అటువాళ్ళు ఇటువాళ్ళు చూస్తారనీ తెల్లారిపోతుంది. తర్వాత మీటింగులో ఇంకో మ్యాట్రిక్స్ తయారు చేస్తాం. ఉన్న మ్యాట్రిక్స్‌లో తప్పేం లేదు మహాప్రభో! నోరు తెరవకపోవడమే తప్పు.

మనవాళ్ళకి ఇది ఇంకాస్త కష్టం. “నాది” అంటే మిడిసిపాటనుకుంటారని భయం. “నీది” అంటే తప్పించుకుంటున్నాడనుకుంటారని భయం. “నేను చూడలేదు” అంటే ఇక చెప్పక్కర్లేదు, రేటింగ్ గుర్తొస్తుంది. సీనియరున్న కాల్‌లో మరీనూ. నేను కూడా అంతే. అందుకే ఆ రోజు చూడని దాన్ని చూసినట్టు పిడికిలెత్తాను. తప్పు తీర్పు కన్నా నాకు భయమేసింది ఆ నిశ్శబ్దానికి.

సీనియర్లకి నాదో మనవి. అడగాల్సింది మీరు. జూనియర్ తనంతట తాను మీ తీర్పులో వేలు పెట్టడు, అతనికి ఆ రూల్ ఎవరూ చెప్పకపోయినా సరే. “నువ్వు చూశావా?” అని అడగండి. “లేదు” అన్నవాణ్ణి శిక్షించకండి. మా పెద్దాయన ఆ రోజు నన్ను తిట్టుంటే, తర్వాతి శనివారం నేను తప్పకుండా అబద్ధమే ఆడేవాణ్ణి.

రేపు మళ్ళీ మ్యాచుంది. ఇరవై నిమిషాలు ముందే వెళ్తున్నా. మళ్ళీ అదే టైముకి రిలీజ్ కాల్ పడింది. ఎవరు నడిపిస్తారని నిన్న గ్రూపులో అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత హైదరాబాద్ నుంచి ఓ కుర్రాడు “నాది” అని ఒక్క ముక్క పెట్టాడు. “నీదే” అని జవాబిచ్చి లాప్‌టాప్ మూసేశాను.