కోడిని ఏం చేసినాడు?

పోయిన జనవరిలో ఒక ఎర్రట్ట పద్దు పుస్తకం కొన్నాను. పామిడిలో అదేమంత వింత కాదు. బట్టల మీద బతికే ఊరు మాది. దేవుడి పటం లేని ఇల్లయినా దొరుకుతుందేమో గానీ పద్దు పుస్తకం లేని ఇల్లు దొరకదు. అంగడాయన నన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును. “ఏమప్పా, రిటైరైనాక నువ్వు కూడా నైటీల వ్యాపారం మొదలుపెడతాండావా?” అన్నాడు. కతలు చదివి లెక్క రాసుకుందామని కొంటున్నానన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, “కతలకు లెక్కేందప్పా, వడ్డీ వస్తాదా?” అని, అయిదు రూపాయలు తగ్గించి ఇచ్చాడు. బేరమాడకుండానే తగ్గించాడంటే జాలిపడ్డాడని అర్థం.

డిసెంబరు వచ్చింది కాబట్టి పద్దు కట్టేశాను. కథా పుస్తకాలూ నవలలూ కలిపి మొదలుపెట్టినవి ముప్పై నాలుగు. చివరిదాకా చదివినవి ఇరవై రెండు, అవి జమ. మధ్యలో వదిలేసినవి పన్నెండు, అవి ఖర్చు. ఏటా ఈ నెలలో పత్రికల్లో పెద్దవాళ్లు తాము చదివిన పుస్తకాల పేర్లు చెబుతుంటారు గానీ, వదిలేసినవాటి పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. నేనూ చెప్పను, ఊర్లో తిరగాల్సినవాణ్ణి. ఎందుకు వదిలేశానో మాత్రం చెబుతాను. పన్నెండింటిలో అయిదు రాయలసీమ మీద రాసినవే. మొదటి పేజీలోనే నేల నెర్రెలిచ్చింది, రెండో పేజీలో రైతు ఆకాశం వైపు చూశాడు, మూడో పేజీకల్లా గద్ద తిరిగింది. అరవై రెండేళ్లుగా ఈ నేల మీదే ఉన్నాను. మా ఊరి రైతు ఆకాశం వైపు చూసేది తక్కువ, అప్పిచ్చినవాడి ఇంటి వైపు చూసేది ఎక్కువ. మోడం పట్టిందో లేదో చెప్పడానికి వాడికి తల ఎత్తాల్సిన పని లేదు, గాలి మారితే ఒంటికే తెలుస్తుంది.

కరువంటే ముందు లెక్క. ఆ లెక్క తెలిసి రాసిన కథ ఒక రకం, కరువును గోడకు తగిలించే పటం చేసి రాసిన కథ ఇంకో రకం. ఈ ఏడాది నా జమాఖర్చులన్నీ ఈ తేడా దగ్గరే తేలాయి.

సింగమనేని నారాయణ ‘జూదం’ మళ్లీ చదివాను. మా జిల్లా బండమీదపల్లిలో పుట్టి, తెలుగు పండితుడిగా పనిచేసి, 2021 ఫిబ్రవరిలో వెళ్లిపోయిన మనిషి. శెనక్కాయ సేద్యానికి ఆయన పెట్టిన పేరు జూదం. ఆ ఒక్క మాట ఎంత కొలిచి పెట్టాడో సేద్యం చేసినవాడికే తెలుస్తుంది. మిగతా పంటలకు గింజలు గుప్పెడు చల్లితే సరిపోతుంది. శెనక్కాయకు మూటలు మూటలు విత్తనం భూమిలో పోయాలి. అంటే ఆట మొదలుకాకముందే పందెం అంతా చాప మీద పెట్టేయాలి. జూన్, జూలైలో పదునైతే గొర్రు కడతారు. మొలక వస్తుంది, పూత వస్తుంది, అంతవరకూ అందరూ గెలిచినట్టే కనబడతారు. ఆ తర్వాత ఊడలు దిగే వేళ వస్తుంది. పూత వాడినచోట నుంచి సన్నటి ఊడ కిందికి వంగి మట్టిలోకి దూరాలి, అక్కడే కాయ కట్టాలి. ఆ పది పదిహేను రోజుల్లో నేల మెత్తగా లేకపోతే ఊడ మట్టిని తాకి, దూరలేక, పైనే ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. దూరం నుంచి వచ్చిన అధికారికి పంట బాగుందనే అనిపిస్తుంది. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడేది మాకేనని, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ అని బడిలో చదువుకుంటూ పెరిగాం. ఆ 550 ఏ వారంలో పడిందన్నదే అసలు సంగతి. దాన్ని నివేదిక చెప్పలేదు, కథ చెబుతుంది. విత్తనం పేర్లు మారాయి. టీఎంవీ-2 పోయి కదిరి-6 వచ్చింది, దాని వెనకే కదిరి లేపాక్షి వచ్చింది. చాప అదే, పందెం అదే.

ఈ కథ కోసం నేను పడిన పాట్లు వేరే కథ. జిల్లాలోనే ఒక ఊరి గ్రంథాలయంలో అడిగితే, “పోటీ పరీక్షలవి కావాల్నా సార్?” అన్నారు. కథలు కావాలంటే వారపత్రికలు చూపించారు. వాళ్లను తప్పు పట్టను, కథలు అడిగేవాళ్లు వచ్చి ఎన్నాళ్లయిందో. కానీ మన రాష్ట్రంలో ఇంటిపన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నా ఎనిమిది పైసల్లో సింగమనేనికి ఒక పైసా అయినా రాదా అనిపించింది. చివరికి పాత స్నేహితుడొకడు ఇంట్లో అటక మీద నుంచి దించిన పుస్తకంతో పని జరిగింది. సింగమనేనే సంపాదకుడిగా తెచ్చిన ‘సీమ కథలు’ కూడా ఆ అటక మీదే దొరికింది, అట్ట లేకుండా. చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ నవల ఇంకొకరి దగ్గర నుంచి వచ్చింది. రెవెన్యూ శాఖలో పనిచేసినవాడు రాసిన నవల అది. కచేరీలో ఫైలు ఏ బల్ల మీద ఎంతసేపు ఆగుతుందో, కులం చూసి ఆగుతుందో డబ్బు చూసి ఆగుతుందో తెలిసినవాడి చెయ్యి కాబట్టి కోపం కూడా వివరంగా ఉంటుంది.

బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి రెండు వారాలు పట్టింది. 2017లో తానా నవలల పోటీలో బహుమతి, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన నవల. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం, హండే వంశపు పాలన, గొర్రెలు కాసుకునే కుర్రవాడు అమరనాయకుడు కావడం. మొదటి యాభై పేజీల్లో పేర్లు గుర్తుపెట్టుకోలేక మధ్యలో ఒకసారి ఖర్చులో రాయబోయాను. ఆగినందుకు మంచే జరిగింది. మన చరిత్ర అనగానే హంపి రథం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తాం. రాయలవారి తర్వాత రెండు వందల ఏళ్లకు ఈ బీళ్లలో జనం ఏం తిన్నారు, ఎవరికి ఊడిగం చేశారు అనే ప్రశ్న వేసుకున్న నవల నాకు తెలిసి ఇంకోటి లేదు. అదే వరసలో కన్నడ వసుధేంద్ర ‘తేజో తుంగభద్ర’ తెలుగులో చదివాను. ఒక చివర లిస్బన్, ఇంకో చివర విజయనగరం. మాకు బళ్లారి బెజవాడ కంటే దగ్గర కాబట్టి అది పరాయి భాష నవల అనిపించలేదు.

ఈ ఏడాది కన్నడంవాళ్లు మనకంటే గర్వంగా తిరిగారు, తిరగాల్సిందే. హాసన్‌లో వకీలుగా పనిచేసిన బాను ముష్తాక్ కథలకు 2025 మే నెలలో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి కథల సంపుటికి రావడం అదే మొదటిసారి. “కథలు ఎవరు చదువుతారండీ, నవల రాయండి” అని మన ప్రచురణకర్తలు చెప్పే మాటకు అంతకంటే జవాబు అక్కర్లేదు. సెప్టెంబరులో ఎస్.ఎల్. భైరప్ప పోయారు. ఆయనతో నాకు పేచీలున్నాయి, ఆయన నవలల దగ్గర మాత్రం లేవు.

ఇక పద్దులో నేను రెండుసార్లు గీత గీసిన పేరు. హువాన్ రుల్ఫో. మెక్సికోవాడు, టైర్లు అమ్మే కంపెనీలో పనిచేశాడు, జీవితం మొత్తం మీద పేరు తెచ్చినవి రెండు చిన్న పుస్తకాలు. 1953లో వచ్చిన కథల పుస్తకంలో ఒక కథ ఉంది. ప్రభుత్వం పేదలకు భూమి పంచింది. ఆ భూమి మీదుగా నలుగురు నడుచుకుంటూ పోతుంటారు. నది ఒడ్డు నేల ఇస్తారనుకుంటే, గడ్డి కూడా సరిగా మొలవని బయలు ఇచ్చారు. ఇది నాగలికి లొంగే నేల కాదయ్యా అంటే, చెప్పేదేదో రాసి అర్జీ పెట్టుకోమంటాడు ఆఫీసరు. నడుస్తుండగా ఒక్క వాన చుక్క పడుతుంది. ఒక్కటే. నేలలో చిన్న గుంట చేసి ఇంకిపోతుంది. అందరూ ఇంకో చుక్క కోసం చూస్తారు, రాదు. నలుగురిలో ఒకడు కోటు లోపల ఒక కోడిని పెట్టుకుని నడుస్తుంటాడు.

ఇంగ్లీషులో చదివాను. చదివినరోజు సాయంత్రం ఆగలేక పక్కింటామెకు చెప్పాను. ఆమె నైటీలు కుడుతుంది. పీసుకింత అని కూలి. వాకిట్లో మోటారు మిషను, పక్కన కట్ చేసిన గుడ్డల కుప్ప, జిప్పులు ఒక డబ్బాలో, లేసు చుట్ట ఒక డబ్బాలో. నేను మాట్లాడుతుంటే ఆమె మిషను ఆపదు. ఆపితే కూలి పోతుంది. చప్పుడు మధ్యలోనే వింటుంది, నేనూ గొంతు పెంచి చెప్పడం అలవాటు చేసుకున్నాను. నది ఒడ్డు నేల కాదు, బయలు ఇచ్చారన్నప్పుడు “మా మామకిచ్చిన డీకేటీ పట్టా ఇట్లదే సారూ” అంది. “గుట్ట మీద ఇచ్చిరి. పట్టా ఉండాది, నేల లేదు. రాళ్లు ఎంచుకోను ఆరేండ్లు పట్టె.” అర్జీ సంగతి చెబితే నవ్వింది. ఆ నవ్వు ఏ దేశపు ఆఫీసరు గురించో నేను అడగలేదు. వాన చుక్క దగ్గరికి వచ్చేసరికి మిషను ఆగింది.

“ఒగటేనా?”

“ఒకటే అమ్మా.”

కాసేపు ఊరుకుంది. తర్వాత దారం తెగినచోట నోటితో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ, “కోడిని ఏం చేసినాడు సారూ?” అంది.

నిజం చెబుతున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ముప్పై అయిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, కథలో వాన చుక్క దగ్గరే ఆగిపోయాను. పుస్తకం మళ్లీ తీసి చూశాను. ఇంట్లో మేత వేసేవాళ్లు లేక వాడు కోడిని వెంట తెచ్చుకున్నాడు. చివర్లో ఊరు దగ్గరపడ్డాక దాని కాళ్లకు కట్టిన తాడు విప్పి, తిమ్మిరి వదిలేలా చూసుకుంటాడు. ఆ మాట చెబితే, “అంతేలే, మనిషి లేని ఇంట్లో కోడిని ఇడిసి ఎట్ల పోతాడు” అని మిషను తొక్కేసింది. ఆమె చెల్లెలు ఇద్దరు పిల్లలతో బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి మూడేళ్లయింది. పోయేటప్పుడు రెండు మేకలను ఈమె దగ్గరే వదిలింది. ఆ మేకలు ఇప్పుడు మా గోడ పక్కనే కట్టేసి ఉంటాయి, నా కరివేపాకు చెట్టు అందుకే ఎదగదు.

ఆ రోజు నుంచీ చదివిన ప్రతి కథా ఆమెకు చెప్పాల్సి వస్తోంది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ రెండు రోజులు చెప్పాను. పందులు కాచే ముసలాయన, అడవిలోకి తప్పించుకుపోయిన సూడి పంది, ఒక రాత్రి. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన చిత్తూరు జిల్లా డాక్టరు రాసిన నవల. దాన్ని హెమింగ్వే ముసలివాడితో పోల్చడం మన విమర్శకులకు అలవాటు. ఈమె పోల్చలేదు. ఆ ముసలాయన పొద్దున ఏం తిని బయలుదేరాడని అడిగింది. ‘శప్తభూమి’ చెప్పడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. అన్ని పేర్లు మిషను చప్పుడులో గుర్తుండవు.

ఇంతకీ వచ్చే ఏడాదికి నేను పెట్టుకున్న పని ఒకటుంది. మాకు పక్కనే ఉన్న ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న రచయిత గుత్తి రామకృష్ణ. ఆయన 1941 నాటి కథ ‘చిరంజీవి’ని చాలాకాలం రాయలసీమ తొలి కథగా లెక్కవేశారు. తర్వాత అప్పిరెడ్డి హరినాథరెడ్డి పాత పత్రికలు తవ్వి అంతకుముందు కథలు కూడా వెలికితీసి ‘మొదటితరం రాయలసీమ కథలు’ తెచ్చారు. తొలి కథ ఏదన్న తగువు పండితులు చూసుకుంటారు. నాకు కావాల్సింది ఆ కథలు మా ఊళ్లో, మా మిషన్ల చప్పుడు మధ్య వినబడటం. కేంద్ర అకాడెమీ అవార్డు వచ్చిన జిల్లాలో, ఆ జిల్లా రచయితల కథలు కావాలంటే స్నేహితుల అటకలు దించుకుంటూ తిరగాల్సి రావడం బాగాలేదు. గ్రంథాలయ సెస్సు మీద హక్కున్న ప్రతివాడూ ఈ జనవరిలో తన ఊరి గ్రంథాలయానికి పోయి సీమ రచయిత పుస్తకం ఒక్కటి పేరు పెట్టి అడగాలి. లేదంటే సూచనల పుస్తకంలో రాసి రావాలి. అడిగేవాళ్లు లేరన్న మాట ముందు పోవాలి కదా.

అందాకా, గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి, ఉరవకొండ వైపు ఎవరి అటక మీదైనా పాత సీమ కథల పుస్తకాలుంటే, ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. నేనే బస్సెక్కి వచ్చి తీసుకుపోతాను, జమ రాసుకుంటాను, చదివి తిరిగి ఇస్తాను. అట్ట లేకపోయినా ఫరవాలేదు, చెదలు పట్టినా ఫరవాలేదు. చివరి పేజీలు మాత్రం ఉండాలి. పక్కింటామె ఊరుకోదు.

– పెన్నొడ్డు పంతులు, పామిడి