బడిబాటకు రెండో విడత కావాలి

టోక్యోలోని తొమోయె బడి తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆ బడి గురించి తెత్సుకో కురొయనాగి 1981లో వెలువరించిన పుస్తకం 'రైలుబడి'గా మన దగ్గరికీ వచ్చింది. అంతకుముందు చదివిన బడి వద్దని పంపేసిన పిల్ల, కొత్త బడిలో మొదటిరోజే హెడ్మాస్టర్ కొబాయాషి ఎదుట కూర్చుని నాలుగు గంటలపాటు కబుర్లు చెప్పడం, ఆయన విసుగన్నది లేకుండా వినడం చదివినవాళ్లెవరూ మరిచిపోరు. అందరూ కొబాయాషిలు కాలేరు కదా అనుకుని పుస్తకం మూసేస్తాం. అది నిజమే. కానీ జపాన్ నుంచి మనం తెచ్చుకోవాల్సిన పాఠం ఆ ఒక్క మహానుభావుడి దగ్గరే లేదు, అక్కడి మామూలు బడిలో మామూలు టీచరు చేస్తూ వచ్చిన ఒక పనిలో కూడా ఉంది.

జపాన్‌లో బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది. కొత్త తరగతి చేతికొచ్చిన టీచరు మొదటి కొద్ది వారాల్లోనే ప్రతి పిల్లవాడి ఇంటికీ వెళ్లి రావడం అక్కడ దశాబ్దాలుగా ఉన్న ఆనవాయితీ. ఇళ్లకు వెళ్లే ఆ రోజుల్లో మధ్యాహ్నం క్లాసులు ఉండవు. ఏ రోజు, ఏ వేళకు ఎవరింటికి అన్నది ముందే చీటీ రాసి పంపుతారు. ఒక్కో ఇంట్లో పది పదిహేను నిమిషాలు, చాలాచోట్ల గుమ్మం దగ్గరే. టీ ఇచ్చినా వద్దంటారు, లేకపోతే తరవాతి ఇంటికి ఆలస్యమవుతుంది. పిల్ల ఏ దారిలో నడిచి వస్తోంది, ఆ దారిలో పెద్ద రోడ్డు దాటాలా, ఇంట్లో ఎవరెవరున్నారు, దేనికి భయపడుతుంది, ఏం తింటే పడదు వంటివన్నీ ఆ కాసేపట్లో తెలిసిపోతాయి. తల్లులు ఉద్యోగాలకు వెళ్లడం, ఇంటి సంగతులు బయటపడతాయన్న బిడియం, టీచర్ల మీద పనిభారం, ఆపైన కరోనా వచ్చి ఈ పద్ధతి ఇటీవల చాలా బడుల్లో సన్నగిల్లింది. అయినా అందులోని అసలు విషయం చెక్కుచెదరలేదు. టీచరు మంచితనం మీద వదిలేయకుండా, పిల్లల్ని తెలుసుకునే పనికి టైంటేబుల్లోనే చోటిచ్చారు.

ఇప్పుడు సైబరాబాద్‌కు వద్దాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో టవర్లు లేస్తూనే ఉన్నాయి. వాటిని కట్టే చేతులు పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వస్తాయి. శేరిలింగంపల్లి మండలంలోని సర్కారు ప్రాథమిక బడుల్లో కనబడేది ఆ కుటుంబాల పిల్లలే. ఒక బెంచీ మీద తెలుగు, ఉర్దూ, లంబాడీ, ఒడియా పక్కపక్కన కూర్చుంటాయి. వాళ్లకు 2022-23 నుంచి చదువు ఇంగ్లిషు మీడియంలో. 2024 డీఎస్సీలో ఎంపికైన సుమారు పదివేల మంది టీచర్లకు నియామక పత్రాలు అందింది అక్టోబర్ 9న. అంటే బడులు తెరిచిన నాలుగు నెలలకు, నడుస్తున్న క్లాసులోకి కొత్త టీచరు అడుగుపెట్టింది. అప్పటికే తొలిమెట్టు కార్యక్రమం కింద చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసి నమోదు చేయాల్సిన పట్టికలు ఎదురుచూస్తుంటాయి. పిల్ల అక్షరాలు గుర్తుపడుతుందో లేదో ఆ పట్టిక చెబుతుంది. పొద్దున్నే ఎందుకు కునికిపాట్లు పడుతోందో చెప్పదు.

ఆ సంగతి రేకుల షెడ్డు దగ్గర తెలుస్తుంది. నిర్మాణం జరుగుతున్న టవరు వెనకాల వరసగా వేసిన గదులు, ఒక్కో గదిలో ఒక కుటుంబం. రాత్రంతా కాంక్రీటు లారీల చప్పుడు. పొద్దున నీళ్ల ట్యాంకరు రాగానే బిందెలు పట్టుకుని వరసలో నిలబడేది రెండో తరగతి పిల్ల, ఎందుకంటే తల్లి ఎనిమిదింటికల్లా పనిలో ఉండాలి. బిందె నిండాక చంటి తమ్ముణ్ణి పక్కింటావిడకు అప్పగించి బడికి పరిగెత్తాలి. ఇది ఒక్కసారి కళ్లారా చూసిన టీచరు ఆ పిల్లను "ఎందుకు లేటయ్యావ్?" అని తలుపు దగ్గర నిలబెట్టదు. "తమ్ముడు పడుకున్నాడా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న విన్న పిల్ల ఆ రోజు నోరు విప్పుతుంది, పాఠం ఆ తరవాత ఎక్కుతుంది.

మనకు ఇళ్లకు వెళ్లే అలవాటు లేదా అంటే, ఉంది. ఏటా జూన్‌లో జయశంకర్ బడిబాట పేరుతో సర్కారు టీచర్లు ఎండలో గడప గడపా తిరుగుతూనే ఉన్నారు. కాకపోతే ఆ తిరుగుడు పిల్లల్ని చేర్పించుకోవడానికి. పేరు, పుట్టినతేదీ, ఆధార్ రాసుకోగానే పని అయిపోతుంది. ఆ తరవాత టీచరు మళ్లీ ఆ వాకిలి తొక్కేది పిల్ల వారంపాటు బడికి రానప్పుడే. అప్పుడు వచ్చే టీచరును చూస్తే తల్లిదండ్రులకు భయమే కలుగుతుంది.

అమెరికాలోని శాక్రమెంటోలో టీచర్లు, తల్లిదండ్రులు కలిసి 1998లోనే మొదలుపెట్టిన ఇంటి సందర్శనలకు కొన్ని నియమాలున్నాయి. అవి మనకు అచ్చంగా పనికొస్తాయి. టీచర్లు ఇద్దరిద్దరుగా వెళతారు. ఇష్టపడిన ఇంటికే వెళతారు. అల్లరి పిల్లలు, వెనకబడిన పిల్లలు అని ఏరి వెళ్లరు, కాబట్టి ఏ ఇంటికీ తలవంపు ఉండదు. మీ బిడ్డ ఏం కావాలని మీరు ఆశపడుతున్నారు అన్నది అక్కడ తప్పకుండా వచ్చే మాట. ఆ సమయానికి టీచర్లకు డబ్బు చెల్లిస్తారు. ఈ చివరి నియమం నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. సర్వేలు, ఎన్నికల పనులు ఇప్పటికే మోస్తున్న టీచరు మీద జీతం లేని ఇంకో ఆదర్శాన్ని రుద్దితే అది రిజిస్టరులో సంతకంగానే మిగులుతుంది.

గేటెడ్ కమ్యూనిటీ పిల్లలకు ఇది అక్కర్లేదని అనుకోకండి. అమ్మానాన్నలిద్దరూ అమెరికా వేళలకు పనిచేసే ఇంట్లో నర్సరీ పిల్ల లోకమంతా నానమ్మే. ప్రైవేటు బడి పేరెంట్స్ మీటింగుకు నానమ్మ రాదు. వచ్చినవాళ్లకు మార్కుల సంగతే సరిపోతుంది.

విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంటుంది. రోజుకు ఆరిళ్ల చొప్పున అయిదు మధ్యాహ్నాలు చాలు. భాష రాని ఇంటికి బడి యాజమాన్య కమిటీలోని తల్లినొకరిని తోడు తీసుకెళ్లవచ్చు, ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెబుతోంది. ఒక్క టీచరే ఉన్న బడికి ఆ వారం సీఆర్పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను) పంపాలి. మధ్యలో చేరిన కొత్త టీచరుకు, చేరిన నెలలోనే ఆ అయిదు మధ్యాహ్నాలు ఇవ్వాలి. విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే: వచ్చే జూన్‌లో బడులు తెరిచాక, రెండో వారంలో ఈ అయిదు మధ్యాహ్నాలను విద్యా క్యాలెండర్‌లో అచ్చువేయించండి.