మస్టర్ పడని బొమ్మలు

2003 జూన్‌లో గోదావరిఖనిలోని సింగరేణి 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ ప్రమాదం బొమ్మ కావాలని ఈరోజు ఏ పిల్లవాడు ఫోన్లో ఏఐని అడిగినా క్షణాల్లో వస్తుంది: చీకటి, నడుముల్లోతు నీళ్లు, టోపీ లైట్ల వెలుగు. అందులోని మొహాలు ఏ తల్లి కన్న బిడ్డలవీ కావు. అయినా అది వాట్సాప్‌లో తిరుగుతుంది, సంస్మరణ సభ బ్యానర్ ఎక్కుతుంది, చివరికి ఏదో ఆర్కైవ్‌లో 'గని ప్రమాదం, 2003' అన్న పేరుతో కూర్చుంటుంది. ఇది చచ్చిపోయినవాళ్లకు రెండో అన్యాయం.

ఏఐతో బొమ్మలు చేయొద్దని నేననడం లేదు. తట్టా చెమ్మస్‌ (పార)తో బొగ్గు ఎత్తిన కోల్‌ఫిల్లర్ల రోజులను ఇప్పటి పిల్లలకు చూపించాలంటే అవి పనికొస్తాయి కూడా. కానీ బొమ్మ పుట్టుకను చెరిపేసే హక్కు ఎవరికీ లేదు. బాయిల (గనిలో) దిగే మనిషికి మస్టర్ (హాజరు) పడాల్సిందే. భూమి లోపల ఏ వేళ ఎవరున్నారో తెలిసేలా రిజిస్టర్ ఉండాలని 1952 గనుల చట్టమే చెప్పింది. మనిషికి పెట్టిన ఆ నియమం మనిషి జ్ఞాపకానికి ఎందుకు లేదు?

సాంకేతికంగా కుదరదన్న సాకు చెల్లదు. బొమ్మలు చేసే ఏఐ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్‌ను నడిపే చాలా ప్రోగ్రాములు పీఎన్‌జీ ఫైల్లోనే అన్నీ రాసిపెడతాయి: ఏ మాటలు ఇచ్చారు, ఏ మోడల్, సీడ్ అంకె (బొమ్మ మొదలయ్యే యాదృచ్ఛిక సంఖ్య) ఎంత, ఎన్ని స్టెప్పులు. అవే వివరాలతో అదే మోడల్‌ను మళ్లీ నడిపితే దాదాపు అదే బొమ్మ వస్తుంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? కానీ ఆ ఫైల్‌ను జేపీజీగా మార్చినప్పుడు, వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు, స్క్రీన్‌షాట్ తీసినప్పుడు ఆ రాత సాధారణంగా పోతుంది. మామూలు జనం తెలియక పోగొడతారు. భద్రపరచడమే పనిగా పెట్టుకున్నవాళ్లు స్థలం ఆదా కోసం పోగొడితే అది నేరంతో సమానం.

కాబట్టి వచ్చిన ఫైల్‌ను వచ్చినట్టే దాచాలి. చూడ్డానికి చిన్న కాపీ వేరుగా చేసుకోవాలి. లోపలి వివరాలను బయటికి తీసి, వెతికితే దొరికేలా కేటలాగ్‌లో ఎక్కించాలి. చేసిందెవరు, ఏ తేదీన, ఏ అసలు ఫోటో ఆధారంగా అన్నది అడిగి రాయాలి. సీడ్ చెప్పని సర్వీసైతే దాని పేరూ వెర్షనూ అయినా రాయాలి. ఆ వివరాలను ఎవరైనా మార్చేయరా అంటారా? చేర్చిన రోజే ఫైల్‌కు హ్యాష్ (ఫైల్లో ఏం మారినా మారిపోయే గుర్తింపు అంకె) లెక్కగట్టి పెట్టండి, ఆ తర్వాత ఎవరు ఏం మార్చినా తెలిసిపోతుంది.

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేసినప్పుడు ఏం జరిగిందో చూశాం. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు ఉన్న ఏఐ బొమ్మలు పుట్టుక తెలియకుండా ఊరంతా తిరిగాయి. అక్కడ నిజంగానే జింకలున్నాయి, నెమళ్లున్నాయి, నిజంగానే చెట్లు కూలాయి. అయినా చర్చ నకిలీ బొమ్మల మీదికి మళ్లింది, పంచుకున్నవాళ్లకు పోలీసు నోటీసులు వెళ్లాయి. పుట్టుక చెరిపిన బొమ్మ పక్కనున్న నిజమైన ఫోటోను కూడా అనుమానితుణ్ణి చేస్తుంది. రేపు ఓపెన్‌కాస్ట్ గనిలో పేల్చే బాంబింగ్‌కు పగిలిన ఇంటి గోడను ఫోటో తీసి చూపిస్తే, ఇది ఏఐ బొమ్మేమో అని అధికారి తోసిపుచ్చితే, ఆ కుటుంబం ఎవరితో చెప్పుకోవాలి?

డిసెంబర్ 23 సింగరేణి ఆవిర్భావ దినం. ఆ రోజు కోసం పాత ఫోటోలు పోగుచేసే యూనియన్ ఆఫీసులకు, స్టూడియోలకు, విలేకరులకు, సంస్థకు ఒకటే చెబుతున్నా. ఒరిజినల్ ఫైల్ అడగండి. ఏఐ బొమ్మ అయితే దాని పుట్టుక వివరాలు అడగండి. ఇవ్వలేనివాళ్ల బొమ్మను మన కార్మికుల ఫోటోల పక్కన పెట్టకండి.